ట్రాన్స్‌క్రిప్షన్: మాటకు, పాటకు, కణానికి ఒకటే పనా?

రేనాటి_గొంతు
అందరికీ నమస్కారం. మాది మైదుకూరు దగ్గర పల్లె. కడపలో తెలుగు ఎం.ఏ. చదువుతున్నాను. మా వైపు ఆడవాళ్లు కలుపు తీసేటప్పుడు పాడే పాటలు, మధ్యలో వాళ్లు మాట్లాడుకునే మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకుని, విని కాగితం మీద పెడుతున్నాను. ఈ పనిని మా గైడ్ మేడం ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు. మా చెల్లెలు బైపీసీ. దాని పుస్తకంలో డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ తయారవడమూ ట్రాన్స్‌క్రిప్షనే. పాటలకు స్వరం రాయడంలో సాయం చేస్తున్న వయొలిన్ మేడం కూడా ఈ మాటే వాడతారు.

పేరు కలిసిన సంగతి నాకు ముఖ్యం కాదు. పని కలుస్తుందా అన్నదే నా ప్రశ్న. ఒకచోట కుదిరిన పద్ధతి ఇంకోచోట పనికొస్తే నాకు చాలా మేలు. ఎందుకంటే ఇప్పుడు ప్రతి వాక్యం దగ్గరా ఆగిపోతున్నాను. మా జేజి, అంటే అవ్వ, "యాడికి పోతాండావు పాపా" అంటుంది. "ఎక్కడికి పోతున్నావు" అని రాస్తే అర్థం మిగులుతుంది, జేజి మాట పోతుంది. పోనీ "యాడికి" అని రాద్దామా అంటే ఆ అచ్చు నిజానికి "యా" కాదు. బ్యాళ్లు, మ్యాక అనేటప్పుడు నోరు ఎట్ల తెరుస్తామో అట్లాంటి అచ్చు. దానికి మన లిపిలో అక్షరమే లేదు. చాప, చలి అనేటప్పుడు పలికే దంత్య చకారానికీ ఇదే తంటా. పాత నిఘంటువుల్లో ౘ, ౙ ఉన్నాయి గానీ ఇప్పటి కీబోర్డుల్లో వెతుక్కోవాలి.

ఎంత దాకా రాయాలి, ఎక్కడ ఆపాలి? మీ మీ రంగాల్లో ఎట్ల చేస్తారో చెప్పండి.

గంటం_కట్ట
మంచి ప్రశ్న తల్లీ. నేను శాసనాలు, తాళపత్రాల వైపు వాడిని, ఆ సంగతే చెప్తాను.

మన ఎర్రగుంట్ల మండలం కలమళ్ల శాసనం చూడు. రేనాటి చోళ రాజు ధనంజయుడిది, సుమారు క్రీ.శ. 575 నాటిది. శాసనాన్ని చదివేవాళ్లు నేరుగా రాయి చూసి రాసుకోరు. ముందు నీళ్లతో, బ్రష్‌తో రాయిని శుభ్రం చేస్తారు. తడి కాగితం పరిచి, అది అక్షరాల గుంటల్లోకి దిగేదాకా గట్టి బ్రష్‌తో కొడతారు. పైన సిరా అద్దుతారు. ఆరాక తీస్తే నల్లటి కాగితం మీద తెల్లగా అక్షరాలు కనిపిస్తాయి. ఇది రాయికి నకలు. ఇక్కడిదాకా ఎవరి అభిప్రాయమూ కలవదు. ఆ నకలు చూసి ఇప్పటి లిపిలో రాసేటప్పుడే మనిషి తీర్పు మొదలవుతుంది.

ఎందుకంటారా? ఆ కాలపు లిపిలో ఎకారానికి హ్రస్వం, దీర్ఘం అని తేడా చూపరు. ఒకే గుర్తును "ఎ" అని చదవాలా, "ఏ" అని చదవాలా అన్నది చదివేవాడు భాష తెలిసి తేల్చుకోవాలి. పదాల మధ్య ఖాళీ ఉండదు. ఇంకో చిక్కు ఉంది. ఇప్పుడు మనకు లేని ఒక అక్షరం రేనాటి చోళుల శాసనాల్లో ఉంది. తమిళంలో "కోఴి" అనేటప్పుడు పలికే ఴ అది. మన కోడిలో అది డకారమైంది. కలమళ్ల శాసనంలో "రేనాణ్డు ఏళన్" అనే చోట కొందరు ళ వేసి సరిపెట్టారు. అచ్చులో అక్షరం లేకపోతే ఏం చేస్తారు? యూనికోడ్‌లోకి ఈ తెలుగు ఴ వచ్చిందే 2014లో.

అందుకే శాసన పాఠాలు అచ్చువేసేటప్పుడు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. సరిగ్గా కనిపించని అక్షరాన్ని చదరపు బ్రాకెట్లో పెడతారు. రాయి చెక్కినవాడు తప్పు చెక్కాడనిపిస్తే ఆ తప్పును తీసెయ్యరు, దాని పక్కనే సరైన రూపాన్ని గుండ్రటి బ్రాకెట్లో చూపిస్తారు. రాతి మీద ఉన్నదేదో, పండితుడు అనుకున్నదేదో చదివేవాడికి విడివిడిగా కనిపించాలి. నువ్వు కూడా మీ జేజి మాటను దిద్దొద్దు. దిద్దాలనిపిస్తే పక్కన రాయి.

కంపిత
నేను సంగీతం చెప్పేదాన్ని, వయొలిన్. పైన పెద్దాయన చెప్పిన రెండు మెట్ల పద్ధతి మాకు చాలా రోజులు లేదు. మాకు గురువు నోరే పుస్తకం.

మామూలు స్వరలిపిలో ఏముంటుంది? స రి గ మ, పై స్థాయికి పైన చుక్క, కింది స్థాయికి కింద చుక్క, పొడవుకు కామా, సెమికోలన్, తాళానికి నిలువు గీతలు. అంతే. ఇప్పుడు తోడి రాగంలో "గ" అని కాగితం మీద రాశాననుకోండి. హార్మోనియం మీద ఆ గ మెట్టు నొక్కి పట్టుకుంటే తోడి రాదు. తోడిలో గాంధారం నిలబడదు. రిషభం వైపు నుంచి లేచి మధ్యమం వైపు ఊగుతూ ఉంటుంది. వినేవాళ్లు "ఆహా తోడి" అనేది ఆ ఊపుకే. కాగితం మీద మాత్రం ఒకే అక్షరం, "గ".

దీని మీద మనసు పెట్టి పనిచేసిన మహానుభావుడు సుబ్బరామ దీక్షితులు. ఎట్టయపురంలో ఉండి 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శినిని అచ్చు వేయించారు. తమిళ దేశంలో అచ్చయినా ఆ గ్రంథం ఉన్నది తెలుగు లిపిలో. కంపితం, స్ఫురితం లాంటి గమకాలకు, అంటే స్వరాన్ని ఊపే, జార్చే తీరులకు, విడి విడి గుర్తులు పెట్టి స్వరం నెత్తిన చూపించారు. ఇంత పని జరగడానికి వెనకుండి పట్టుబట్టింది చిన్నస్వామి ముదలియార్. ఆయన అంతకు ముందే 1893లో మన కీర్తనలను పాశ్చాత్య స్టాఫ్ నొటేషన్‌లో రాసి అచ్చు వేశారు.

ఆ గుర్తులన్నీ ఉన్నా, తోడి ఎన్నడూ వినని మనిషి ఆ పుస్తకం చూసి తోడి పాడలేడు. విన్నవాడికి మాత్రం అది బంగారం. నా లెక్కలో స్వరలిపి అంటే తెలిసినవాడికి జ్ఞాపకం చేసేది.

రేనాటి, నీ పాటల గురించి ఒక్క మాట. మీ వాళ్లు పాడే స్వరాలను బలవంతంగా పన్నెండు స్వరస్థానాల్లోకి తోయొద్దు. కొన్ని మధ్యలో పడతాయి. అట్లాంటి చోట బాణం గుర్తు పెట్టి, కాస్త ఎక్కువా తక్కువా అని రాద్దాం. ఇది ఫలానా రాగం అని పేరు అసలే తగిలించొద్దు. పేరు పెట్టామంటే తర్వాత పాడేవాళ్లు ఆ రాగానికి తగ్గట్టు పాటనే మార్చేస్తారు. ఇంకోటి, మన స రి గ మ లో శ్రుతి ఎంతో తెలియదు. ఎవరి షడ్జమం వాళ్లది. అందుకే అవ్వ ఏ శ్రుతిలో ఎత్తుకుందో పక్కన విడిగా రాయాలి.

బైపీసీ_పిల్ల
నేను రేనాటి అక్క చెల్లెలిని. నాకో డౌటు. స్వరాలు చూసి మళ్లీ పాడితే అది మా పుస్తకంలోని రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్ అవుతుందా? ఇంకోటి, డీఎన్ఏ చూసి ఆర్ఎన్ఏ రాసే ఎంజైము ఆర్ఎన్ఏ పాలిమరేజ్ కూడా తప్పులు రాస్తుందా? మా నోట్సులో లేదు.

పెన్నా_బయాలజీ
పాపా, ప్రశ్నలు బాగున్నాయి. రెండోదానికి ముందు చెప్తాను, మొదటిదానికి తర్వాత వస్తాను. ప్రొద్దుటూరులో జువాలజీ లెక్చరర్‌ని, ఏటా ఈ పాఠం చెప్పేవాడిని.

డీఎన్ఏలో రెండు పోగులు. ఆర్ఎన్ఏ పాలిమరేజ్ వాటిలో ఒకదాన్నే, అంటే మూస పోగునే చదువుతుంది. చదివినదానికి జత అయ్యే అక్షరం పెడుతుంది. మూసలో టి ఎ సి ఉంటే ఆర్ఎన్ఏలో ఎ యు జి వస్తుంది. టి రావాల్సిన చోట యు వస్తుంది. అంటే తయారైన ఆర్ఎన్ఏ చదివిన పోగులా ఉండదు, చదవని పోగులా ఉంటుంది. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పరీక్షలో ఒక్క ఉదాహరణ వేసి చూసుకుంటే చాలు.

తప్పుల సంగతి. రాస్తుంది, తప్పకుండా రాస్తుంది. సుమారుగా పది వేల నుంచి లక్ష అక్షరాలకు ఒక తప్పు. కణం విభజన చెందే ముందు డీఎన్ఏ మొత్తాన్ని నకలు తీసుకుంటుంది కదా, అక్కడ దిద్దుబాట్లన్నీ అయ్యాక వంద కోట్ల అక్షరాలకు ఒక తప్పు కూడా మిగలడం కష్టం. ఒకే కణంలో ఇంత తేడా ఎందుకు? డీఎన్ఏ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉండే అసలు దస్తావేజు లాంటిది, ఆర్ఎన్ఏ ఆ రోజు పని కోసం తీయించుకున్న నకలు. బ్యాక్టీరియాలో ఒక ఎంఆర్ఎన్ఏ, అంటే ప్రోటీన్ తయారీకి వాడే ఆర్ఎన్ఏ, కొన్ని నిమిషాలు ఉంటుంది, మన కణాల్లో చాలావాటికి కొన్ని గంటలు. తర్వాత కణమే దాన్ని ముక్కలు చేసుకుంటుంది. ఒక కాపీలో తప్పు పడితే ఆ కాపీ నుంచి వచ్చిన కొన్ని ప్రోటీన్లు పాడవుతాయి, అంతటితో సరి. అసలులో తప్పు పడితే పిల్లకణాలన్నిటికీ పోతుంది.

ఇంకో విషయం మీ చర్చకు దగ్గరగా ఉంటుంది. మన కండరాల్లో ఉండే డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ జన్యువు చాలా పెద్దది, 22 లక్షల అక్షరాలకు పైమాటే. దాన్ని ఒక్కసారి మొదటి నుంచి చివరిదాకా అనులేఖనం (ట్రాన్స్‌క్రిప్షన్‌కు మా తెలుగు మాట) చేయడానికి సుమారు 16 గంటలు పడుతుంది. ఇంత కష్టపడి రాసినదాంట్లో చివరికి మిగిలే ఎంఆర్ఎన్ఏ దాదాపు 14 వేల అక్షరాలు. మిగతాదాంట్లో దాదాపు అంతా ఇంట్రాన్లు అనే ముక్కలు, వాటిని కణమే కత్తిరించేస్తుంది. ఈ కత్తిరింపు సంగతిని 1977లో కనిపెట్టారు. అందుకే ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్‌లకు 1993లో నోబెల్ వచ్చింది. ముందు రాయడం, ఆ వెనకే ఏరడం. ఒక పక్క రాస్తుండగానే వెనక భాగంలో కత్తిరింపు మొదలవుతుంది, కానీ అక్కర్లేదని రాయకుండా వదిలేయడం లేదు, గమనించండి.

ఈ పని ఆగితే ఏమవుతుందో మన ఊళ్లల్లో మందుల రూపంలోనే ఉంది. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ బ్యాక్టీరియా ఆర్ఎన్ఏ పాలిమరేజ్‌కు అతుక్కుని అనులేఖనాన్ని ఆపేస్తుంది. మన పాలిమరేజ్ ఆకారం వేరు కాబట్టి మనకు ఆ దెబ్బ తగలదు. ఆ మాత్ర వేసుకున్నవాళ్లకు మూత్రం నారింజ రంగులో రావడం మందు రంగు వల్లే. దానికి భయపడి కోర్సు మధ్యలో ఆపేసేవాళ్లు ఉన్నారు, దయచేసి ఆపొద్దని చెప్పండి.

కోర్టు_స్టెనో
నేను జిల్లా కోర్టుల్లో స్టెనోగా చేసి రిటైరైనాను. మా పని గురించి కూడా రాయాలనిపించింది.

పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్ చెవితో రాసేది. స్పెల్లింగ్ చూడం, శబ్దం చూస్తాం. ప కు సన్న గీత, బ కు అదే గీత లావుగా. త, ద లకూ అంతే. అచ్చులకు చుక్కలు, చిన్న గీతలు ఉన్నాయి కానీ వేగంలో చాలావరకు వదిలేస్తాం. తర్వాత టైపు చేసేటప్పుడు సందర్భాన్ని బట్టి నింపుకుంటాం. ఈ టైపు చేసే భాగాన్నే మేం ట్రాన్స్‌క్రిప్షన్ అనేవాళ్లం. డిక్టేషన్ అయిన రోజే చేసుకోవాలి. ఆలస్యం చేస్తే మన గీతలు మనకే అర్థం కావు.

ఇక సాక్ష్యం సంగతి. సాక్షి మన యాసలో చెప్తాడు. లాయరు అడిగే ప్రశ్న, సాక్షి చెప్పే జవాబు విడివిడిగా రాయడం తక్కువ. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే చట్టం) 276 ప్రకారం సెషన్స్ కేసుల్లో సాక్ష్యాన్ని మామూలుగా కథనంలా రాస్తారు. అవసరమనుకుంటే జడ్జిగారు ఏదైనా ముక్కను ప్రశ్న, జవాబుగానే రాయించవచ్చు. ఏ మాట యథాతథంగా ఉండాలో ఆ మాటను అట్లే ఉంచడం చూశాను. తిట్టు, బెదిరింపు, చనిపోయినవాళ్లు ఆఖరున అన్న మాట, ఇవి తెలుగులో అన్నవి అన్నట్టే కోట్స్‌లో రాయించేవారు. దాని మీదే కేసు నిలబడొచ్చు కాబట్టి.

రెండు నిబంధనలు నాకు చాలా ఇష్టం. 278లో రాసినదాన్ని సాక్షికి చదివి వినిపించాలి అని ఉంది. 280లో సాక్షి నడవడిక గురించి ముఖ్యమైనది ఉందనుకుంటే జడ్జి అది కూడా రాయాలి అని ఉంది. ఏడ్చాడా, జవాబు చెప్పకుండా చాలాసేపు ఊరకున్నాడా, అదీ రికార్డే. అమ్మాయ్, నీ కాగితాల్లో నిశ్శబ్దాలు రాస్తున్నావా? ఎవరైనా పాట మధ్యలో ఆపి కళ్లు తుడుచుకుంటే, నవ్వితే, ఆ చోటు గుర్తుపెట్టు. రాసింది మీ జేజికి చదివి వినిపించు కూడా.

పెద్దదర్గా_వీధి
అస్సలాము అలైకుం, అందరికీ నమస్తే. మా ఇంట్లో నాత్‌లు, అంటే ప్రవక్తను పొగిడే పాటలు, పాడేవాళ్లు చాలామందికి ఉర్దూ చదవడం రాదు, మాట్లాడటం వస్తుంది. బడిలో తెలుగు మీడియం కదా. అందుకని నోటుబుక్కుల్లో నాత్‌లన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకుంటారు. మిలాద్ నెలలో, అంటే ప్రవక్త పుట్టిన నెలలో, ఆ నోటుబుక్కులే చేతులు మారుతుంటాయి.

ఉర్దూలో జ లాగా, నాలుక ఇంకొంచెం ముందుకు పెట్టి పలికేదానికి నాలుగు అక్షరాలున్నాయి. జే, జాల్, జ్వాద్, జోయ్. పలికేటప్పుడు నాలుగూ ఒకటే, రాస్తే నాలుగు. తెలుగులో అన్నిటికీ ఒకే జ. పాడటానికి ఏ ఇబ్బందీ లేదు. కానీ తెలుగు నోటుబుక్కు చూసి ఉర్దూలో తిరిగి రాయమంటే, భాష బాగా తెలిసినవాడు తప్ప రాయలేడు. ఏ జ ఎక్కడిదో నోటుబుక్కులో లేదు.

ఇంకోటి చూడండి. దఖ్నీలో, అంటే మన దక్కను ఉర్దూలో, మనం గొంతు కకారాన్ని ఖ అని పలుకుతాం. ఖుర్బానీ, ఖలం, ఖాజీ. నోటుబుక్కుల్లో కూడా ఖ అనే ఉంటుంది. హైదరాబాద్ నుంచి చదువుకున్న బంధువు ఎవరైనా వస్తే అది తప్పంటారు. నేను ఒప్పుకోను. మా నానీ ఎట్ల పాడిందో ఆ నోటుబుక్కులో అట్లా ఉంది. ఉర్దూ పుస్తకంలో ఆమె గొంతు లేదు, ఇందులో ఉంది. రెండూ ఉండాలి. శబ్దం కోసం ఒకటి, అక్షరం కోసం ఒకటి.

రేనాటి_గొంతు
భాయ్, మీరు చెప్పింది నాకు సరిగ్గా తగిలింది. స్టెనో సార్ చెప్పినట్టు నిన్న సాయంత్రం జేజికి చదివి వినిపించాను. ఒక పాటలో నేను "వాన" అని రాసినచోట ఆమె "వాన కాదు మే, వాము" అంది. వాము అంటే గడ్డివామి. అర్థమంతా మారిపోయింది, ఆ చరణం ఇప్పుడు పొలంలో కాదు, కళ్లంలో జరుగుతోంది. రికార్డింగు ఎన్నిసార్లు విన్నా దొరకని మాట అది. పక్కనే ఎద్దు గంట మోగుతోంది.

పెన్నా సార్, చెల్లెలు రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్ గురించి ఎదురు చూస్తోంది.

పెన్నా_బయాలజీ
చెప్తాను. ఆర్ఎన్ఏ నుంచి వెనక్కి డీఎన్ఏ రాయడం రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్. ఆ పని చేసే ఎంజైమును 1970లో హోవర్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ ఎవరికి వారే కనిపెట్టారు, 1975లో రెనాటో డుల్బెకోతో పాటు నోబెల్ అందుకున్నారు. హెచ్ఐవీ బతికేదే దీనితో. 2020లో మన అందరి ముక్కుల్లోంచి శాంపిల్ తీసి చేసిన ఆర్‌టీ పీసీఆర్‌లో ఆర్‌టీ అంటే ఇదే. కరోనా వైరస్‌ది ఆర్ఎన్ఏ. పీసీఆర్ పెంచగలిగేది డీఎన్ఏనే. అందుకని ముందు వెనక్కి రాయించి, తర్వాత లక్షల రెట్లు పెంచుతారు.

ఇది వెనక్కి పోగలగడానికి కారణం ఒకటే. డీఎన్ఏలో నాలుగు అక్షరాలు, ఆర్ఎన్ఏలో నాలుగు అక్షరాలు, ఒక్కొక్కదానికి ఒక్కొక్కటి జత. ఏదీ కలిసిపోలేదు. ప్రోటీన్ దగ్గరికి వచ్చేసరికి మూడక్షరాల మాటలు 64 ఉన్నాయి, అమైనో ఆమ్లాలేమో 20. ఒకే ఆమ్లానికి చాలా మాటలు. అక్కడినుంచి వెనక్కి వస్తే ఏ మాట ఉండేదో తెలియదు. భాయ్ చెప్పిన నాలుగు జ ల సంగతి అచ్చంగా ఇదే. పాట, స్వరాల మధ్య కూడా అంతే పాపా. కంపిత మేడం రాసిన గ లోంచి తోడి ఊపు తిరిగి రాదు, అందులో అది లేదు కాబట్టి. స్వరం చూసి పాడటాన్ని రివర్స్ అనకూడదు.

కంపిత
సార్ మాటకు మన సీమలోనే పెద్ద సాక్ష్యం ఉంది. తాళ్లపాక అన్నమయ్య, 1408 నుంచి 1503. సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల భాండారంలో దాచారు. ప్రతి సంకీర్తనకూ పైన రాగం పేరు ఉంది, కింద సాహిత్యం ఉంది, స్వరం లేదు. ఆ కాలానికి ఆ రాగాలు అందరికీ తెలిసినవే, రాయాల్సిన అవసరం కనిపించి ఉండదు. తర్వాత పాడేవాళ్ల పరంపర తెగిపోయింది. సాహిత్యం అక్షరం పోకుండా మన చేతికి వచ్చింది, పాట రాలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో వాటికి స్వరకల్పన చేసినవాళ్లలో మన అనంతపురం జిల్లావాడు రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ గారు ముందు నిలుస్తారు. మనం ఇప్పుడు వింటున్నవి ఆయనవీ, తర్వాతివాళ్లవీ. అవి ఎంత గొప్పవో నేను రోజూ పిల్లలకు నేర్పుతూనే ఉన్నాను. కానీ సభల్లో "అన్నమయ్య పాడిన బాణీ" అని మైకులో చెప్తుంటే బాధగా ఉంటుంది. కొత్తగా బాణీ కట్టిన మహానుభావుల కష్టం కూడా అందులో పోతుంది. వరుస కట్టినవారి పేరు చెప్పి పాడాలి.

పాశ్చాత్య సంగీతంలో ఈ మాటకు ఇంకో వాడుక కూడా ఉంది. ఒక వాద్యం కోసం రాసింది ఇంకో వాద్యానికి మార్చడం. లిస్ట్ అనే ఆయన బీథోవెన్ తొమ్మిది సింఫనీలనూ ఒక్క పియానోకు మార్చాడు. రికార్డులు లేని కాలంలో ఆర్కెస్ట్రా లేని ఊళ్లకు ఆ సంగీతం అట్లాగే చేరింది. అక్కడ ఏం వదిలారో, ఏం ఉంచారో అందరికీ తెలుసు, ఆయన పేరు కూడా పైన ఉంటుంది.

గంటం_కట్ట
మేడం మాటకు నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. పెన్నా సార్ మాటలో ఒకదానితో మాత్రం పేచీ ఉంది. నకలు పోయినా అసలు ఉంటుంది అన్నారు. కణంలో ఉంటుందేమో, మన దగ్గర ఉండదు. తాటాకు మీద గంటంతో గీసి, మసి పూసి రాసిన పుస్తకం పురుగు పట్టకుండా నిలవాలంటే తరానికోసారి ఎవరో ఒకరు తిరగరాయాలి. కల్నల్ మెకంజీ రాయించిన కైఫియత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, మన ఊళ్ల కరణాలు ఉంచుకున్న దండకవిలెలనే ఊరి రికార్డుల నుంచి ఎత్తి రాసినవి. దండకవిలెలు చాలావరకు పోయాయి. కైఫియత్తుల కాగితాలు పాడవుతుంటే సి.పి. బ్రౌన్ మళ్లీ నకళ్లు రాయించాడు. ఇప్పుడు మన ఊరి చరిత్ర అంటూ చదువుకుంటున్నది నకలుకు నకలును.

బ్రౌన్ కడపలో బంగళా కొని పండితులను పెట్టుకుని చేసిన పని కూడా ఇదే. ఒక కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించడం, పక్కపక్కన పెట్టి పాఠాలు సరిచూడటం. ప్రతులెందుకు తేడా పడతాయో తాళపత్రాల చివర లేఖకులే చెప్పుకున్నారు. "యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా" అని, చూసింది చూసినట్టు రాశాను, తప్పో ఒప్పో దోషం నాది కాదు అని. అది వినయం మాత్రమే కాదు. నేను దిద్దలేదు అని ఇచ్చిన హామీ. అట్లాంటి లేఖకుడి ప్రతి ఎంత తప్పులతడకైనా, తెలివిగా దిద్దిన ప్రతి కంటే నాకు దానిమీదే నమ్మకం.

రేనాటి_గొంతు
అందరికీ చాలా థ్యాంక్స్. గైడ్ మేడంతో మాట్లాడి ఒక పద్ధతి ఖాయం చేసుకున్నాను. ఎలాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆడియో కింద వరుసలు వరుసలుగా రాసుకోవచ్చు, ప్రతి ముక్కా ఆడియోలో ఏ సెకండు దగ్గరుందో దానికే అతుక్కుని ఉంటుంది. మొదటి వరుసలో విన్నది విన్నట్టు, ౘ, ౙ తో సహా. "యాడికి" అచ్చు కోసం అంతర్జాతీయ ధ్వని లిపి ఇంకో వరుసలో, అన్ని వాక్యాలకూ కాదు, యాస తేడా ఉన్న మాటలకే. మూడో వరుసలో మామూలు తెలుగు. నాలుగోది స్టెనో సార్ వరుస: నవ్వు, ఆగడం, ఎద్దు గంట. వినబడని చోట చదరపు బ్రాకెట్. జేజి చెప్పి దిద్దిన మాటల పక్కన "జేజి చెప్పింది" అని ఉంటుంది, నేను మొదట విన్నదీ ఉంటుంది.

స్వరాల వరుస ఎట్ల పెట్టాలో ఒక్కటే తేలలేదు.

కంపిత
స్వరాలు ఆడియో పొడవునా వద్దు. ఒక చరణానికి పూర్తిగా రాద్దాం, మిగతా చరణాల్లో ఎక్కడ మారిందో అక్కడ మాత్రమే. ఫోన్ రికార్డింగును ఎంపీ3 చేయకుండా వేవ్ ఫైలుగానే తీసుకురా. శ్రుతి మారకుండా సగం వేగంలో పెట్టి వింటే ఆ జారుడు స్వరాలు తెలుస్తాయి. దెబ్బ ఎక్కడ పడుతుందో వాళ్లచేత చప్పట్లు కొట్టించి విడిగా ఒక రికార్డింగు తీసుకో, కలుపు తీసేటప్పుడు వంగే ఊపుకీ కూర్చుని పాడే ఊపుకీ తేడా ఉంటుంది. ఆదివారం పొద్దున ఖాళీయే, వాము పాటతో మొదలుపెడదాం.